తెర కట్టిన కిటికీ

పల్లంరాజు అంత గట్టిగా నవ్వకపోతే ఆ పూట కూడా రత్నమాణిక్యం చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ నిశ్చింతగా కూర్చునేదే. ఆవిడ నడిమింట్లో పీట మీద ఉంది. గుమ్మానికి తెర వేసి ఉంది. తెర అవతల ముందుగదిలో ఆవిడ కొడుకు వేణుగోపాలరాజూ, రొయ్యల చెరువుల్లో అతనితో పొత్తు ఉన్న పల్లంరాజూ కూర్చుని, వాన ఎప్పుడు పడుతుందో ఫోన్లో చూసుకుంటున్నారు. రొయ్యలున్నవాళ్ళకి ఆకాశంలో మబ్బు పడితే గుండెలో పడినట్టే మరి.

"ఏంటి బావా, వాన కబురు చూపించమంటే నీ ఫోను పెద్దవాళ్ళ డైపర్లు చూపిస్తోంది? చెరువు గట్టు మీద ఆగట్లేదా ఏంటి నీకు?"

"ఊరుకో బావా. ప్రకటనలు. అందరికీ వస్తాయి."

"నాకు రాలేదే? నాకు మేతలూ మోటార్లూ వస్తాయి. అది మనిషిని చూసే చూపిస్తుంది, ఆయ్," అని పల్లంరాజు మళ్ళీ నవ్వాడు.

రత్నమాణిక్యం చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే, సరిగ్గా మూడు రోజుల కిందట ఆ మాట ఆవిడే అడిగింది. కొడుకు ఫోన్లో కాదు, తన ఫోన్లో. తన గదిలో, తలుపు గడియ వేసుకుని.

ఏడాదిగా ఉంది ఆవిడకి ఆ బాధ. దగ్గితే ఆగదు, తుమ్మితే ఆగదు, పీట మీంచి గబుక్కున లేస్తే ఆగదు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి, నలుగుర్ని కన్న మనిషి, అదేమీ వింత కాదు. కానీ ఇంట్లో ఒక్కరికీ తెలియనివ్వలేదు. దీపం పెట్టుకునే చీరలు ఎవరూ ముట్టుకోకూడదని కొత్త నియమం ఒకటి పెట్టి, బట్టలన్నీ తానే ఉతుక్కుని తానే ఆరేసుకునేది. జంగారెడ్డిగూడెంలో చెల్లెలు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, అంతసేపు కారులో నలుగురి మధ్య కూర్చోలేక, మోకాళ్ళ మీద నెపం పెట్టి మానేసింది. పకపకా నవ్వడం కూడా మానేసింది. నవ్వినా ఆగదు కదా.

అంత దాచడం దేనికంటే, దానికో కథ ఉంది. ఆవిడ ఆ ఇంటికి కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అత్తగారు సుభద్రమ్మకి ఇదే వచ్చింది. సుభద్రమ్మ అంటే ఊళ్ళో మగవాళ్ళు కూడా తలుపు బయటనుంచే మాట్లాడేవారు. అలాంటి మనిషి ఒకనాడు పక్కగుడ్డ మార్చమని కొత్త కోడలి చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకే అమ్మా అంది. రత్నమాణిక్యం మార్చింది, ఉతికింది, అంతా బాగానే చేసింది. కానీ పద్దెనిమిదేళ్ళ పిల్ల. బావి దగ్గర తోడికోడలితో ఒక్క మాట అని నవ్వింది. ఒక్కటే మాట. ఆ మాట చాకలి రేవుకి వెళ్ళింది, రేవునుంచి ఊళ్ళోకి వెళ్ళింది, ఊరు తిరిగి వారం తిరక్కుండానే సుభద్రమ్మ చెవికి వచ్చింది. మర్నాడు సుభద్రమ్మ తనంతట తానే మంచం వెనక వసారాలోకి వేయించుకుంది, తవుడు బస్తాల పక్కన. మళ్ళీ ముందుగదిలోకి రాలేదు. తొమ్మిదేళ్ళు అక్కడే బతికి అక్కడే పోయింది. కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. అదే రత్నమాణిక్యానికి ఇప్పటికీ మింగుడు పడదు.

అందుకని తనకి వచ్చినప్పుడు మనిషికి చెప్పకూడదనుకుంది. మనిషి కానిదానికి చెప్పింది.

ఫోను కొడుకు కొనిపెట్టిందే. మనవరాలు శ్రీసత్య విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. మొన్న దసరాకి వచ్చినప్పుడు ఫోన్లో ఒక నల్ల కిటికీ చూపించి, నాయనమ్మా, ఇందులో చూసింది ఎవరికీ తెలియదు, అని నవ్వుతూ చెప్పింది. ఆ నల్ల కిటికీ మీద టోపీ పెట్టుకుని కళ్ళద్దాలు పెట్టుకున్న బొమ్మ ఒకటి ఉంటుంది. రత్నమాణిక్యానికి ఇట్టే అర్థమైపోయింది. ఇది ఘోషా. ఇంకేం కాదు.

ఘోషా సంగతి ఆవిడకి ఒకరు చెప్పాలా? చిన్నప్పుడు పుట్టింటినుంచి అమ్మతో అంతర్వేది తీర్థానికి వెళితే గూడుబండికి ముందూ వెనకా తెరలు కట్టేవారు. దారినపోయేవాడికి బండిలో మనిషి ఉందో ధాన్యం ఉందో తెలిసేది కాదు. లోపలివాళ్ళకి మాత్రం తెర అంచున సందులోంచి లోకమంతా కనపడేది, కాలవలూ, బల్లకట్లూ, మిఠాయి కొట్లూ. చూసేది మనం, చూడలేనిది వాళ్ళు. ఈ నల్ల కిటికీ కూడా అంతేనని ఆవిడ నమ్మకం.

చదువు రెండో తరగతితో ఆగింది, వేలు పెట్టి రాయడం రాదు. అందుకని ఫోను మొహం మీద మైకు గుర్తుంటే దాన్ని నొక్కి నోటితో అడిగింది. ఆ లోపల ఉన్నది ఆడో మగో, చిన్నో పెద్దో తెలియదు కనక, మర్యాదగా అండి పెట్టి మరీ అడిగింది. అది చూపించినదంతా నల్ల కిటికీలో తెరిచి చూసుకుంది.

చూస్తుంటే అడుగడుక్కీ ఎవరో ఒకరు అడ్డం వచ్చి అనుమతి అడిగారు. మా కబుర్లు మీకు పంపించమంటారా? మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా? మీ గొంతు దాచుకోవచ్చా? ప్రతిదానికీ కింద రెండు మీటలు. రత్నమాణిక్యం ప్రతిదానికీ అలాగే అంది. ఇంకేమంటుంది? గుమ్మంలో నిలబడి అడిగినవాణ్ణి కాదనకూడదని సుభద్రమ్మ నేర్పిన ఇల్లది. ఆ ఇంట్లో డబ్బాలో బియ్యం గింజ లేకపోయినా లేవనేవారు కాదు, నిండుకున్నాయి అనేవారు. ఫోన్లో ఆ మీటలకి అలాగే ఉంది, వద్దు ఉంది, నిండుకుంది అనే మీట లేదు. ఉంటే అదే నొక్కేది పాపం.

ఇప్పుడు ఆ అడిగినవాళ్ళంతా తెర దాటి ముందుగదిలోకి వచ్చి, కొడుకు చేతిలో కూర్చున్నారు.

మర్నాడు సోమవారం. పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరస్వామికి అభిషేకం చేయించుకొస్తానని కోడలు సత్యశ్రీతో చెప్పి, రత్నమాణిక్యం ఆటో ఎక్కింది. కారు తియ్యమంటానండి అత్తయ్యగారూ అని కోడలు అంటున్నా వినలేదు. స్వామికి బయటనుంచే దణ్ణం పెట్టి, గుడి వీధి చివర లోవలక్ష్మి నడుపుతున్న జెరాక్సు, ఇంటర్‌నెట్టు కొట్టుకి వెళ్ళింది. లోవలక్ష్మి నలభై దాటిన మనిషి. తుని వైపునుంచి కోడలిగా వచ్చింది. పింఛను కాగితాలకి వెళ్ళినప్పుడల్లా స్టూలు వేసి మంచినీళ్ళిచ్చి మాట్లాడుతుంది, ఒకరి మాట ఒకరి దగ్గర అనదు. అందుకే ఆవిణ్ణి ఎంచుకుంది.

మోకాళ్ళ నొప్పుల గురించి ఫోన్లో అడిగానమ్మా, ఆ నొప్పుల మందులు మా అబ్బాయి ఫోన్లో కనపడుతున్నాయి, అని చెప్పింది రత్నమాణిక్యం. లోవలక్ష్మి ఫోను తీసుకుని అటూ ఇటూ చూసింది. ఏం చూసిందో, ఒక్క క్షణం ఆగింది. ఆగి, మోకాళ్ళ నొప్పులకేనండి, అలాగేనండి అమ్మగారూ, అంది. మొహంలో ఏ మార్పూ లేదు. రత్నమాణిక్యం తల దించుకుంది.

"మరి నల్ల కిటికీ ఎవరికీ కనపడదని మా శ్రీసత్య చెప్పిందే?"

"కనపడదండి. ఇంట్లోవాళ్ళకి కనపడదు. మీ ఫోను తీసి చూస్తే అందులో ఏమీ ఉండదు. వీధిలోవాళ్ళకి మీరు కనపడుతూనే ఉంటారండి. ఆ తెర ఇంటివైపు కట్టిందండి అమ్మగారూ, వీధివైపు కాదు."

ఎక్కడైనా ఇంటివాళ్ళకి అడ్డం తెర కట్టి, వీధికి తలుపు బార్లా తీసిపెడతారా? అలాంటి బండి రత్నమాణిక్యం పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అప్పుడు లోవలక్ష్మి వేరే కిటికీలు చూపించింది. ఇంటర్‌నెట్టుకి ఒకటే ద్వారం కాదు, చాలా ఉన్నాయి, కొన్ని గుమ్మాలు మనం చూసినదంతా బయట చెబుతాయి, కొన్ని చెప్పవు, మనకి కావలసింది మనమే ఎంచుకోవాలి, అంది. ఒకదాని మీద నక్క బొమ్మ, ఒకదాని మీద బాతు బొమ్మ, ఒకదాని మీద సింహం బొమ్మ. నక్కది మంచిదేనండి, నేను అదే వాడతాను, అని లోవలక్ష్మి అంటే, నక్క చేతికి గుట్టు అప్పగించడం ఏంటమ్మా, అంది రత్నమాణిక్యం. పోనీ బాతు అంటే, కొల్లేటి పక్క పుట్టినదాన్ని, బాతు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు, అంది. లోవలక్ష్మికి నవ్వొచ్చింది. రత్నమాణిక్యానికీ వచ్చింది కానీ ఆపుకుంది. చివరికి సింహం దగ్గర ఆగింది. అంతర్వేది నరసింహస్వామి ఉన్నాడు, ఆయనే చూసుకుంటాడు, ఇది వెయ్యి, అంది.

సింహం కిటికీలోనే ప్రకటనల్ని ఆపే వల కూడా ఉందని లోవలక్ష్మి చెప్పింది. వల అనగానే రత్నమాణిక్యానికి చెరువు గుర్తొచ్చింది. కాలవనీళ్ళు చెరువులోకి తీసుకునేటప్పుడు తూముకి సన్నకన్ను వల కడతారు, పిచ్చిచేపలూ పీతలూ లోపలికి రాకుండా.

"అదేనండి అమ్మగారూ. సరిగ్గా అదే. నీళ్ళు వస్తాయి, పీతలు రావు."

"మరి ఇప్పటికే వెళ్ళిపోయినవో? నేనడిగింది?"

"వల వచ్చేవాటినే ఆపుద్దండి. తూములోంచి పోయిన నీరు పోయిందేనండి," అంది లోవలక్ష్మి.

ఒక దారి ఉందేమో చూస్తానని మళ్ళీ ఫోను తీసుకుంది. చూస్తే, ఆ ఫోను అసలు రత్నమాణిక్యం పేరు మీదే లేదు. కొన్ననాడు కొట్లో మెయిలు అడిగితే, ముసలావిడకి మెయిలెక్కడిదని వేణుగోపాలరాజు తనదే ఇచ్చాడు. అంచేత ఆవిడ మైకులో ఏమడిగినా అది కొడుకు అడిగినట్టే లెక్క. కొడుకు ఫోనూ, ముందుగదిలో టీవీ, అన్నీ ఆ ఒక్క పేరుతోనే నడుస్తున్నాయి. అడిగినవి మర్చిపొమ్మని దానికి చెప్పొచ్చు, కానీ చెప్పాలంటే రహస్యపు మాట కావాలి, అది లేకపోతే అబ్బాయిగారి ఫోనుకి నంబరు వస్తుంది, ఆ నంబరు ఆయన్నే అడగాలి.

"అంటే, వాడికి తెలియకుండా దాయాలంటే వాణ్ణే అడగాలన్నమాట."

"ఆయ్. అంతేనండి."

లోవలక్ష్మి చేతనైనంత చేసింది. సింహాన్ని ముందుకి తెచ్చి పెట్టింది, మైకు గుర్తుని తీసేసింది, అనుమతి అడిగిన ప్రతివాడికీ వద్దు అనడం నేర్చుకోండి అమ్మగారూ అని పదిసార్లు చెప్పింది. ఆటోలో ఇంటికొస్తూ రత్నమాణిక్యం ఆ మాట నేర్చుకుంది. సింహం తెరిచి, ఎవరు అడ్డం వచ్చినా చూపుడువేలితో వద్దు నొక్కింది. మొదట్లో ఎవరినో గుమ్మంలోంచి గెంటినట్టు మనసు చివుక్కుమంది. ఊరు వచ్చేసరికి కొంచెం అలవాటైంది.

ఆవిడ ఫోను నిశ్శబ్దమైపోయింది. కొడుకు ఫోను కాలేదు.

ఆ వారమంతా ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. డైపర్లు వచ్చాయి, మంచం మీద పరిచే రబ్బరు గుడ్డలు వచ్చాయి, ఒకసారి అందరూ అన్నాలు తింటుంటే టీవీలో ఒక తెల్లజుట్టాయన వచ్చి, ఇక సిగ్గుపడకండి, అని చెప్పాడు. పల్లంరాజు ఊరికే ఉండే మనిషి కాదు. చెరువుల దగ్గర కాపలావాళ్ళ దాకా వెళ్ళింది కబురు. రాజుగారికి ఆగట్లేదంట. వేణుగోపాలరాజు ఒకరిద్దరి మీద కేకలేశాడు. కేకలేసేసరికి అది నిజమే అనుకున్నారు.

సత్యశ్రీ కూడా అనుకుంది. ఆయనకి షుగరు ఉంది కదా, అందువల్లే అయి ఉంటుంది, మగవాడు బయటపడలేక ఫోన్లో వెతుక్కుంటున్నాడు, అని కుమిలిపోయి, అడక్కుండానే పొద్దున్నే బార్లీ నీళ్ళు కాచి ఇవ్వడం మొదలుపెట్టింది. భీమవరంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్దామని పోరింది. మొగుడూపెళ్ళాలిద్దరూ గొంతులు పెంచుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆ వారం రెండుసార్లు విన్నది రత్నమాణిక్యం, తెర వెనకనుంచి.

ఒక్క మాట అంటే తీరిపోతుంది. వాడు కాదమ్మా, నేను, అంటే చాలు. ఆ మాట కోసం రెండుసార్లు లేచింది. ఒకసారి గుమ్మం దాకా వెళ్ళి తెర పట్టుకుంది. పట్టుకోగానే తెర అవతల వెనక వసారా కనపడింది, తవుడు వాసన వచ్చింది. ఇప్పుడక్కడ తవుడూ లేదు, వసారా లేదు, టైల్సు వేసిన గది ఉంది. అయినా వచ్చింది. వెనక్కి వచ్చి కూర్చుంది. కన్నకొడుకుని చూసి నలుగురూ నవ్వుతుంటే నోరు కట్టుకుని కూర్చున్న తల్లి ఎలా ఉంటుందో, అలా ఉంది.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఈయనకేం లేదు, దున్నపోతులా ఉన్నాడు, అని పంపేశాడు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక వేణుగోపాలరాజు, ఇదెక్కణ్ణుంచి వస్తోందో ఇవాళ తేల్చేస్తాను, అని ఫోను పట్టుకుని ముందుగదిలో కూర్చున్నాడు. సత్యశ్రీ పక్కన కూర్చుంది. రత్నమాణిక్యం నడిమింట్లో తమలపాకులు తుడుస్తోంది. ప్రకటన మూలన ఈ ప్రకటన మీకెందుకు వచ్చిందీ అని చిన్న గుర్తు ఉంటుందట. అది నొక్కాడు. అది ఇంకోచోటికి తీసుకెళ్ళింది. అక్కడ మీరు ఈ మధ్య అడిగినవి అని ఒక జాబితా ఉంది. నేనేం అడిగానే, అంటూ చదువుతున్నాడు. చివర ఏదో పాట పాడించే గుర్తులాంటిది ఉంటే, ఇదేంటి, అని దాన్ని కూడా నొక్కాడు.

"ఏవండీ... నాకు డెబ్భై ఒకటండి. దగ్గితే ఆగట్లేదండి. తుమ్మినా అంతేనండి. ఏం చేస్తే తగ్గుతుందో కాస్త చెబుతారా? మా ఇంట్లోవాళ్ళకి మాత్రం తెలియనివ్వకండి, మీకు పుణ్యం ఉంటుంది."

మీ గొంతు దాచుకోవచ్చా అని అది ముందే అడిగింది. ఆవిడ అలాగే అంది. దాచుకుంది.

వేణుగోపాలరాజు కంగారులో ఆపబోయాడు. వేలు తప్పి మళ్ళీ మొదట్లో పడింది. ఏవండీ, నాకు డెబ్భై ఒకటండి, అని ఆ గొంతు మళ్ళీ మొదలుపెట్టింది. రెండోసారి సగంలో ఆగింది. రత్నమాణిక్యం చేతిలోని ఆకు తుడిచిందే తుడుస్తోంది. తెర అవతల ఇద్దరూ, తెర ఇవతల ఆవిడ. ఆ తెర ఎటువైపు కట్టిందో ఇప్పుడెవరికి కావాలి.

ఎవరూ ఏమీ అనలేదు. అదే, అనలేదు. మర్నాటినుంచి బార్లీ నీళ్ళ గ్లాసు ఆవిడ మంచం పక్కకి వచ్చింది. ఎవరూ ముట్టుకోకూడని చీరలు ఆవిడ లేచేసరికే ఉతికి ఆరేసి ఉన్నాయి. పల్లంరాజు వచ్చినా నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, ఎలా ఉన్నారు అత్తయ్యగారూ, అని గొంతు తగ్గించి అడిగాడు. అతను గొంతు తగ్గించడంతో, సంగతి ఊళ్ళోకి కూడా వెళ్ళిందని రత్నమాణిక్యానికి తెలిసిపోయింది.

మూడోనాడు సాయంత్రం వేణుగోపాలరాజు వచ్చి ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాడు. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చినప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే, ఒక చెయ్యి తలుపు మీద వేసి.

"అమ్మా, వెనక గది బాగు చేయించాం కదండి. బాత్‌రూమ్ అందులోనే ఉంది. మీకు సుఖంగా ఉంటుందని సత్యశ్రీ అంటోంది. మీకు ఇష్టమైతేనేనండి. మీకేమీ అభ్యంతరం లేకపోతేనే."

వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. వాడు చెడ్డవాడు కాదు. సత్యశ్రీ అంతకన్నా కాదు, అత్తగారి మాట బావి దగ్గర చెప్పి నవ్వే రకం కాదు. అందుకే మరీ కష్టమైంది. రత్నమాణిక్యం వారం రోజులుగా వద్దు అనడం నేర్చుకుంటోంది. ఊరూ పేరూ లేనివాళ్ళకి వందమందికి వేలితో వద్దు అని చెప్పింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వాడు గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడి మర్యాదగా అడుగుతున్నాడు.

"అలాగే నాన్నా," అంది.

మంచం దీపాలవేళకే వెనక్కి వెళ్ళిపోయింది. గది నిజంగానే బాగుంది, టైల్సు చల్లగా ఉన్నాయి. సత్యశ్రీ తలుపుకి కొత్త తెర కూడా కట్టింది, మందంగా, పెద్దపెద్ద పూలది, మీకు ఎవరి బాధా ఉండదండి అత్తయ్యగారూ అని. కోడలు వెళ్ళాక రత్నమాణిక్యం లేచి తెర దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పటి అలవాటుగా అంచు పట్టుకుని, బయటికి చూడ్డానికి సందు ఉంటుందేమోనని వెతికింది. గోడకి గోడ దాకా బాగా కట్టారు. కాసేపు వెతికి, మంచం మీద కూర్చుంది.